పార్కింగ్ సెల్లార్‌లో గోడౌన్, బండ్లు మా గేటు ముందు – ఎవరికి అర్జీ పెట్టాలి?

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. ట్రంకు రోడ్డు, గాంధీబొమ్మ సెంటరు రద్దీ మనకు కొత్త కాదు. రైలు పట్టాలు ఊరిని రెండు ముక్కలు చేశాయి కాబట్టి అటూ ఇటూ పోవాలంటే అందరూ ఆ కాసిని బ్రిడ్జీల దగ్గరే ఇరుక్కోవాలి. అది సరే, నా బాధ మా వీధి గురించి.

ఒకప్పుడు అన్నీ ఇళ్లే. ఇప్పుడు వరసగా క్లినిక్కులు, మెస్సులు, బట్టల షాపులు. ఒక కాంప్లెక్సు వాళ్లు పార్కింగ్‌కని చూపిన సెల్లార్‌లో గోడౌన్ పెట్టారు. వచ్చినవాళ్ల బైకులన్నీ మా గేటు ముందే. పోయిన నెల నాన్నకు ఆయాసం వస్తే అంబులెన్సు వీధి మలుపులోనే ఆగిపోయింది, స్ట్రెచర్ మీద అక్కడిదాకా మోసుకెళ్లాం. పక్క ఖాళీ స్థలంలో ఇంకో కాంప్లెక్సు లేస్తుందంటున్నారు. ఒకటే టెన్షన్. షాపులే వద్దని కాదు, నేనూ ఆ మెస్సులోనే తింటాను.

సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల ఫీజుతో కార్పొరేషన్‌లో దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలని తెలుసు. ఆ కాంప్లెక్సు అప్రూవ్డ్ ప్లాన్, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ (ప్లాన్ ప్రకారమే కట్టారని కార్పొరేషన్ ఇచ్చే పత్రం) కాపీలు ఏమని రాసి అడగాలి? అది వేరేవాళ్ల (థర్డ్ పార్టీ) సమాచారం, ఇవ్వం అంటే? నుడా (నెల్లూరు పట్టణాభివృద్ధి సంస్థ) మాస్టర్ ప్లాన్‌లో మా వీధి నివాస జోనో, వాణిజ్య జోనో ఎక్కడ చూడాలి? సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో అర్జీ ఇవ్వడం మేలా, నేరుగా కమిషనర్‌కా? ఒక్కడినే ఇస్తే కాంప్లెక్సు ఓనరుతో గొడవ. వీధి మొత్తం సంతకాలతో ఇచ్చినవాళ్లుంటే ఆ అర్జీ ఎలా రాశారో చెప్తారా?