యాంటీవైరస్ వేయించినప్పటి నుంచి పేజీలు తెరుచుకోవడం లేదు. తీసేయడమేనా దారి?

కొత్తవాడ_జంపఖానా

నమస్కారం. మాది వరంగల్ కొత్తవాడ. మా అత్తయ్య, మామయ్య మగ్గం మీద జంపఖానాలు నేస్తారు. ఆన్‌లైన్ ఆర్డర్లు, ఫోటోలు, కొరియర్ లేబుళ్లు నేను చూసుకుంటాను. ఇంట్లో ఉన్నది ఒకే కంప్యూటర్. విండోస్ 10, నాలుగు జీబీ ర్యామ్, పాతకాలపు హార్డ్ డిస్క్. పగలంతా నా పని, సాయంత్రం మా అబ్బాయి పదో తరగతి పాఠాలు దాని మీదే.

కొన్నాళ్ల కిందట జిరాక్స్ సెంటర్‌కు తీసుకెళ్లిన పెన్‌డ్రైవ్‌తో వైరస్ ఇంటికి వచ్చింది. ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారిపోయాయి. బాగుచేసే దుకాణంలో శుభ్రం చేసి, ఏడాది లైసెన్సు ఉన్న యాంటీవైరస్ వేసి ఇచ్చారు. వైరస్ బెడద తీరింది కానీ అప్పటి నుంచి బ్రౌజర్ కదలడం లేదు. అమ్మకాల పేజీ తెరిస్తే పైన మా పేరు, పక్కన మెనూ వస్తాయి. మధ్యలో జంపఖానాల ఫోటోలు ఉండాల్సిన చోట బూడిదరంగు గడులే. ఒక గడి నిండాక చాలాసేపటికి పక్క గడి నిండుతుంది. కొరియర్ అబ్బాయి గుమ్మంలో నిలబడి ఫోన్లో టైము చూసుకుంటూ ఉంటాడు, లేబుల్ పేజీ మాత్రం తెల్లగా అలాగే ఉంటుంది. ఆ అబ్బాయికి ఇంకా ఎన్ని ఇళ్లు తిరగాల్సి ఉందో తలచుకుంటే నాకే ప్రాణం ఉసూరుమంటుంది.

అదే వైఫై మీద ఫోన్లో అన్నీ వెంటనే తెరుచుకుంటాయి. నెట్ వాళ్లను పిలిస్తే మా కంప్యూటర్‌లోనే స్పీడ్ టెస్టు పెట్టి, అంకెలు చూపించి, లైను బాగుందని వెళ్లిపోయారు. దుకాణంలో అడిగితే కొత్త కంప్యూటర్ కొనమన్నారు. నూలు ధర కట్టుకుని మిగిలిన దానితో ఇల్లు గడవాలి, ఇప్పుడు కొత్తది మా వల్ల కాదు.

తప్పు నిజంగా యాంటీవైరస్‌దేనని ఎలా తేల్చుకోవాలి? బ్యాంకు పని కూడా ఈ కంప్యూటర్‌లోనే చేస్తాను. దాన్ని తీసేస్తే ప్రమాదమా?

రామప్ప_దారి

తీసేయండి. ఫైలు తెరిచినప్పుడల్లా చూసే రియల్ టైమ్ రక్షణ ఆపేసి వారానికోసారి స్కాన్ చేసుకుంటే చాలు. నేను ఎన్నో ఏళ్లుగా అలాగే వాడుతున్నాను, ఏమీ కాలేదు.

నయీంనగర్_సర్వీసింగ్

అమ్మా, తొందరపడి తీసేయకండి. పైన ఇచ్చిన సలహా పెన్‌డ్రైవ్‌లు బయట తిరిగివచ్చే ఇంటికి పనికిరాదు. షార్ట్‌కట్ వైరస్ అసలు ఫోల్డర్లను దాచేసి, వాటి పేర్లతోనే షార్ట్‌కట్లు పెడుతుంది. ఫోల్డర్ అనుకుని మీరు నొక్కగానే వెనకాల స్క్రిప్టు నడుస్తుంది. మంగళవారం నొక్కిన దాన్ని ఆదివారం చేసే స్కాన్ ఆపలేదు.

నేను హనుమకొండలో కంప్యూటర్లు బాగుచేస్తాను. నాలుగు చోట్ల చూస్తే తెలిసిపోయే సంగతికి మగ్గం మీద బతికే ఇంటి చేత కొత్త యంత్రం కొనిపించడం నాకు అన్యాయంగా తోస్తుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు స్పీడ్ టెస్టు సంగతి. అది అబద్ధం చెప్పలేదు. ఆ పరీక్షలో డేటా కొద్దిపాటి కనెక్షన్ల మీద ఏకధాటిగా వచ్చి పడుతుంది. మీ అమ్మకాల పేజీ అలా రాదు. చిన్న ఫోటోలు, స్క్రిప్టులు, అక్షరాల ఫైళ్లు అన్నీ కలిపి ఇలాంటి పేజీ ఒక్కటి నిండాలంటే వందకు పైగా ముక్కలు విడివిడిగా రావాలి. ఏనుమాముల మార్కెట్ కాంటా దగ్గర పత్తి లారీ ఒక్కసారి ఆగి లోపలికి పోతుంది. అదే పత్తిని వంద ఆటోల్లో తెస్తే వంద సార్లు ఆగాలి. యాంటీవైరస్ చేసే తనిఖీ వల్ల మీ పేజీ ఆగుతున్నది అలాగే.

ఇక ఆ తనిఖీ ఎక్కడ జరుగుతోందో చూద్దాం. ఇవాళ దాదాపు అన్ని సైట్లూ హెచ్‌టీటీపీఎస్ మీదే నడుస్తాయి. బ్రౌజర్‌కూ సైటుకూ మధ్య వెళ్లేదంతా గుప్తలిపిలో ఉంటుంది, దారిలో ఎవరూ చదవలేరు. యాంటీవైరస్ కూడా చదవలేదు. అందుకని కొన్ని యాంటీవైరస్‌లు తమ సొంత రూట్ సర్టిఫికెట్‌ను, అంటే తమను నమ్మమని బ్రౌజర్‌కు చెప్పే మూల పత్రాన్ని, విండోస్‌లో పెట్టుకుంటాయి. ఆ బలంతో సైటుతో ఒక కనెక్షన్, మీ బ్రౌజర్‌తో మరో కనెక్షన్ నడుపుతాయి. వచ్చిన ప్రతి ముక్కనూ విప్పి, చూసి, మళ్లీ గుప్తలిపిలోకి మార్చి అందిస్తాయి. కొత్త యంత్రాల్లో ఇది పెద్దగా తెలియదు. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత యంత్రంలో మాత్రం గడులు నిండటానికి పట్టే సమయంగా బయటపడుతుంది.

మీ దగ్గర ఇది జరుగుతోందో లేదో మీరే చూసుకోవచ్చు. చిరునామా గడికి ఎడమ పక్కనున్న చిన్న గుర్తు నొక్కండి. కనెక్షన్ భద్రంగా ఉందన్న వరుస నొక్కి, అక్కడ సర్టిఫికెట్ అన్న చోట నొక్కితే అది తెరుచుకుంటుంది. అందులో ‘ఇష్యూడ్ బై’ అన్న చోట మామూలుగా సర్టిఫికెట్లు జారీ చేసే సంస్థ పేరు ఉండాలి. అక్కడ మీ యాంటీవైరస్ పేరు కనిపిస్తే ఆ పేజీని దారిలో విప్పుతున్నది అదే. బ్యాంకు పేజీ దగ్గర కూడా చూడండి. కొన్ని యాంటీవైరస్‌లు బ్యాంకు సైట్లను వదిలేస్తాయి, అన్నీ వదలవు.

రెండోది, కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరవండి. దాన్ని పక్కన ఉంచి అమ్మకాల పేజీ తెరవండి. బూడిదరంగు గడులు కనిపిస్తున్నంత సేపు ఏ వరుస ఎర్రబడుతోందో గమనించండి. నెట్‌వర్క్ దాదాపు ఖాళీగా ఉండి డిస్క్ నూటికి నూరు చూపిస్తుంటే తప్పు లైనుది కాదు. బ్రౌజర్ తెచ్చుకున్న ప్రతి చిన్న ఫోటోనూ కాష్ అనే తాత్కాలిక ఫోల్డర్‌లో దాస్తుంది, యాంటీవైరస్ ఆ ఫైలునూ తెరిచి చూస్తుంది. హార్డ్ డిస్క్‌లో ముల్లు ఒక చోటి నుంచి మరో చోటికి కదలాలి కనుక చిన్న ఫైళ్లను అది సెకనుకు వందకు అటూ ఇటూ మాత్రమే అందుకోగలదు. ర్యామ్ చాలక విండోస్ కూడా అదే డిస్క్ మీద రాసుకుంటూ ఉంటే చెప్పేదేముంది!

ఈ రెండూ చూసి ఏం కనిపించిందో రాయండి. అప్పుడు ఏది ఆపాలో చెబుతాను.

కొత్తవాడ_జంపఖానా

వివరంగా రాసినందుకు చాలా కృతజ్ఞతలు. ‘ఇష్యూడ్ బై’ దగ్గర యాంటీవైరస్ పేరే ఉంది. బ్యాంకు పేజీలో మాత్రం వేరే పేరు ఉంది. డిస్క్ వరుస పేజీ తెరిచిన దగ్గర నుంచి నూరు మీదే నిలిచిపోయింది. నెట్‌వర్క్ చాలా తక్కువ. ఇంకొకటి కనబడింది. జాబితాలో మరో యాంటీవైరస్ పేరు కూడా ఉంది. అంతకుముందు మా అబ్బాయి ఏదో డౌన్‌లోడ్ చేసినప్పుడు ఉచితంగా వచ్చినది అనుకుంటాను.

నయీంనగర్_సర్వీసింగ్

అసలు చిక్కు అదే. రెండు యాంటీవైరస్‌లు ఉంటే ఒకటి తెరిచిన ఫైలును రెండోదీ తెరిచి చూస్తుంది. విండోస్‌తో వచ్చే డిఫెండర్ వేరేది ఉందని తెలియగానే తనంతట తాను తప్పుకుంటుంది. బయటివి ఒకదానికొకటి దారి ఇవ్వవు. ఉచితంగా వచ్చినదాన్ని కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేయండి. తర్వాత ఆ సంస్థ సైటులో దొరికే తొలగింపు పరికరాన్ని కూడా ఒకసారి నడిపి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. మామూలుగా తీసేస్తే నెట్‌లో వచ్చేదాన్ని వడపోసే దాని నెట్‌వర్క్ ఫిల్టర్ ఒక్కోసారి మిగిలిపోతుంది. వైఫై అడాప్టర్ ప్రాపర్టీస్ తెరిస్తే వరుసగా టిక్కులు ఉంటాయి, తీసేసిన యాంటీవైరస్ పేరు వాటిలో ఇంకా కనిపిస్తే అది పోలేదన్నమాట.

డబ్బు కట్టినది ఉంచండి. దాని సెట్టింగుల్లో వెబ్ రక్షణ అన్న భాగంలో హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ అనో, ఎన్‌క్రిప్టెడ్ కనెక్షన్ల స్కానింగ్ అనో ఉంటుంది. ఆ ఒక్కటి ఆపండి. ఫైళ్లను చూసే రియల్ టైమ్ రక్షణను మాత్రం ముట్టుకోవద్దు. మోసపు సైట్ల గురించి హెచ్చరించే ఏర్పాటు క్రోమ్, ఎడ్జ్, ఫైర్‌ఫాక్స్ మూడింటిలోనూ ఉంది, కాబట్టి మీరు దిక్కులేకుండా పోరు. కాష్ ఫోల్డర్‌కు తనిఖీ నుంచి మినహాయింపు ఇవ్వమని కొందరు చెబుతారు. మీకు అంత అవసరం రాదనుకుంటాను. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌కు మాత్రం ఎవరు చెప్పినా ఇవ్వకండి.

మంచిర్యాల_గోదావరి

సర్వీసింగ్ గారు చెప్పిందే సరి. చిన్న చేర్పు. హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపాక రక్షణ ఇంకా పనిచేస్తోందా అన్న భయం ఉంటే ఐకార్ పరీక్ష ఫైలుతో చూసుకోవచ్చు. అది వైరస్ కాదు. 68 అక్షరాల చిన్న పాఠం, యాంటీవైరస్‌లన్నీ పరీక్ష కోసం గుర్తుపట్టేలా పెట్టుకున్నది. ఐకార్ సంస్థ సొంత సైటు నుంచే తీసుకోండి. దారిలో ఆపకపోయినా డిస్క్ మీద పడే క్షణంలో పట్టుకోవాలి.

అలాగే డిఫెండర్ అసలే భారం పెట్టదని కూడా అనుకోవద్దు. ఫైర్‌ఫాక్స్ వాడుతుంటే డిఫెండర్ ప్రాసెసర్‌ను విపరీతంగా వాడుకుంటోందని 2018లో ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా దగ్గర ఫిర్యాదు నమోదైంది. 2023లో మైక్రోసాఫ్ట్ సరిచేసేదాకా అది అలాగే ఉంది. యాంటీవైరస్‌ను, బ్రౌజర్‌ను ఎప్పటికప్పుడు అప్‌డేట్ చేసుకోవడం అందుకే ముఖ్యం.

కొత్తవాడ_జంపఖానా

ఉచితంగా వచ్చినదాన్ని తీసేశాను. అడాప్టర్ దగ్గర దాని పేరు నిజంగానే మిగిలి ఉంది, తొలగింపు పరికరం నడిపాక పోయింది. హెచ్‌టీటీపీఎస్ స్కానింగ్ ఆపాను. ఐకార్ ఫైలు దించగానే ఎర్ర పెట్టె వచ్చి దాన్ని పట్టేసింది, నా భయం తీరింది. ఇప్పుడు ఫోటోల గడులన్నీ ఒకేసారి నిండుతున్నాయి. లేబుల్ కూడా కొరియర్ అబ్బాయి బండి దిగేలోపే ప్రింటర్‌లోకి వెళ్తోంది. కంప్యూటర్ ఆన్ చేసిన కొత్తలో మాత్రం డిస్క్ ఇంకా నూరు చూపిస్తోంది. లైసెన్సు ముగిశాక మళ్లీ కొనాలా?

నయీంనగర్_సర్వీసింగ్

మంచి కబురు చెప్పారు. మీ వాడకానికి మళ్లీ కొనక్కర్లేదని నా అభిప్రాయం. లైసెన్సు ముగిశాక దాన్ని పూర్తిగా తీసేస్తే డిఫెండర్ తనంతట తానే పని అందుకుంటుంది. ఒక్క హెచ్చరిక. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. డిఫెండర్‌కు వైరస్‌ల సమాచారం 2028 అక్టోబరు దాకా అందుతుందని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ విండోస్‌లోని లొసుగులను అది పూడ్చదు. బ్యాంకు పని ఈ కంప్యూటర్‌లోనే అన్నారు కాబట్టి పొడిగించిన అప్‌డేట్లకు నమోదు చేసుకునే వీలుందేమో సెట్టింగుల్లోని అప్‌డేట్ పేజీలో చూడండి.

ఆన్ చేసినప్పటి ఆలస్యం హార్డ్ డిస్క్‌దే. చేతిలో డబ్బు ఆడినప్పుడు దాని స్థానంలో ముల్లు కదలాల్సిన పని లేని చిన్న ఎస్‌ఎస్‌డీ డిస్కు, వీలైతే మరో నాలుగు జీబీ ర్యామ్ వేయించండి. ఇప్పుడున్న విండోస్‌ను, ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టుగా కొత్తదానిలోకి మార్చమని అడగండి, మీ జంపఖానాల ఫోటోలు ఎక్కడికీ పోవు. పాత డిస్కును మాత్రం దుకాణంలో వదిలేయకుండా ఇంటికి తెచ్చుకోండి. మీ బ్యాంకు స్టేట్‌మెంట్లు, కొన్నవారి చిరునామాలు అన్నీ అందులోనే ఉంటాయి.