చర్చిల్‌కి రైల్లోనా, విమానంలోనా? అమ్మానాన్నలతో జులై ప్రయాణం

బిట్రగుంట_అమ్మాయి:

అందరికీ నమస్కారం. మేం కెనడాలో, విన్నిపెగ్‌లో ఉంటాం. మే నెలాఖరులో అమ్మానాన్న నెల్లూరు నుంచి వచ్చారు. నాన్నకి అరవై తొమ్మిది. రైల్వేలో పట్టాల పని మీదే ముప్ఫై నాలుగేళ్ళు గడిపి, పీడబ్ల్యూఐగా (పట్టాల ఇన్‌స్పెక్టరుగా) రిటైరయ్యారు. వచ్చిన మూడో రోజే మ్యాప్ ముందేసుకుని, "హడ్సన్ బే దాకా పోయే ఈ లైను ఏంటమ్మా? రోడ్డే లేని ఊరికి పట్టా ఎలా వేశారు?" అని అడిగారు. అప్పట్నుంచీ రోజూ అదే మాట.

ఆ లైను చివర, హడ్సన్ బే సముద్రం ఒడ్డున ఉన్న ఊరే చర్చిల్. ఆయన్ని అక్కడికి తీసుకెళ్ళాలని నాకూ గట్టిగా ఉంది. మళ్ళీ ఎప్పుడు వస్తారో, వచ్చినా ఇప్పుడున్న ఓపిక ఉంటుందో లేదో. మావారేమో రెండు గంటల్లో విమానం దించేదానికి రెండు రాత్రులు రైల్లో ఎందుకంటున్నారు. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నకి షుగరు, ఇద్దరూ శాకాహారులు. జులై మూడో వారం అనుకుంటున్నాం. తెల్ల ఎలుగుబంట్లున్న ఊరని తెలిసినప్పట్నుంచీ అమ్మకి ఒకటే టెన్షన్. వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

కాకినాడ_వాసి:

మేం నవంబరు మొదట్లో విమానంలో వెళ్ళాం. టికెట్టు రానుపోను మనిషికి వెయ్యి డాలర్లు దాటింది. ఎలుగుబంట్ల కోసమే అయితే అక్టోబరు, నవంబరు నెలలే. సముద్రం గడ్డకట్టేదాకా ఒడ్డున కాచుకుని ఉంటాయి. జులైలో అన్ని కనపడవు కానీ, బెలూగా అనే తెల్ల తిమింగలాలు చర్చిల్ నదిలోకి వచ్చేది అప్పుడే. ఇంకో దారి ఉంది. అదే లైను మీదున్న థాంప్సన్ ఊరి దాకా కారులో వెళ్ళి (దగ్గర దగ్గర 760 కిలోమీటర్లు) అక్కడ రైలెక్కితే ఒక్క రాత్రే. అమ్మగారి మోకాళ్ళకి మాత్రం కారులో ఎనిమిది గంటలు కూర్చోవడం కంటే రైలే నయమేమో చూసుకోండి.

ఉత్తరాది_నర్సు:

చెల్లెమ్మా, నేను చర్చిల్ ఆరోగ్య కేంద్రంలో రెండు వేసవులు, ఒక చలికాలం పనిచేశాను. మా అమ్మని కూడా రైల్లోనే తీసుకెళ్ళాను. మీ నాన్నగారి గురించి చదివాక రాయకుండా ఉండలేకపోయాను. వెళ్ళేటప్పుడు రైల్లో వెళ్ళండి. ఒంట్లో అలసటగా ఉంటే వచ్చేటప్పుడు విమానం ఎక్కండి. పట్టాల మీద బతికిన మనిషికి ఆ దారి చూపించకుండా ఊరు ఒక్కటే చూపిస్తే సగమే చూపించినట్టు.

పట్టా చర్చిల్ చేరింది 1929లో. మొదట అదే సముద్రం ఒడ్డున పోర్ట్ నెల్సన్ అనే ఇంకో చోటి దాకా వేద్దామనుకుని, అక్కడ రేవు కుదరక, 1927లో చర్చిల్‌కి మార్చారు. థాంప్సన్ దాటాక చాలా దూరం నాచు పట్టిన బురద నేల, దాని కింద ఎండాకాలంలో కూడా గడ్డకట్టి ఉండే మట్టి. వేసవికి పైపొర మెత్తబడితే కంకర కుంగుతుంది, అందుకే బండి నెమ్మదిగా పోతుంది. కాషన్ ఆర్డర్ (ఇక్కడ బండి నెమ్మదిగా నడపాలన్న ఉత్తర్వు) అంటే నాన్నగారికి వేరే చెప్పక్కర్లేదు. మొత్తం 1,700 కిలోమీటర్లు, టైం టేబుల్ ప్రకారమే నలభై గంటలు దాటుతుంది. ఆలస్యం మామూలు. మేం వెళ్ళినప్పుడు ఏడు గంటలు లేటు. కాబట్టి తిమింగలాలు చూసే బోటు చేరిన రోజుకి బుక్ చేయకండి.

2017 మే నెలలో మంచు కరిగిన వరదకి లైను చాలాచోట్ల కొట్టుకుపోయింది. ఏడాదిన్నర దాకా రైలు లేదు. సరుకులన్నీ విమానంలో, ఓడలో రావాల్సి వచ్చింది. ఇప్పుడా లైను ఆదివాసీ తెగలూ, ఉత్తరాది ఊళ్ళూ కలిసి నడుపుకుంటున్న సంస్థది.

రెండో రాత్రి నాన్నగారిని నాలుగున్నరకల్లా లేపండి, అప్పటికే వెలుతురుంటుంది. చెట్లు పొట్టిగా, పలచగా అవుతాయి. గాలి కొట్టే వైపు కొమ్మలుండవు, అన్నీ ఒకే పక్కకి జెండాల్లా ఉంటాయి. పట్టా పక్కన పాత టెలిగ్రాఫ్ స్తంభాలు చూడమనండి. ఒక్క గుంజ పాతితే చలికి నేల ఉబ్బి పైకి నెట్టేస్తుందని, మూడేసి గుంజలు తల దగ్గర కలిపి, కాళ్ళు ఎడంగా పెట్టి నిలబెట్టారు. పొలంలో మంచెకి కాళ్ళు పెట్టినట్టుంటుంది.

అమ్మగారికి ఇద్దరుండే క్యాబిన్ తీసుకోండి, లోపలే టాయిలెట్ ఉంటుంది. అది దొరక్కపోతే కింది బెర్తు. పులిహోర, చపాతీలు, పెరుగు పెట్టుకోండి. రైల్లో శాకాహారం ఉన్నా అంతంత మాత్రమే. సిగ్నల్ చాలాచోట్ల ఉండదు.

అన్నిటికంటే ముఖ్యం మందులు. మా అమ్మ బీపీ మాత్రలు పెద్ద సూట్‌కేసులో పెట్టి లగేజీ బోగీలో వేసేశాను. రాత్రికి గుర్తొచ్చింది. మర్నాడు థాంప్సన్‌లో బండి చాలాసేపు ఆగినప్పుడు గానీ చేతికి రాలేదు. అంతదాకా అమ్మ చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ కూర్చున్నాను. షుగరు మందులు, గ్లూకోమీటరు, బిస్కెట్లు చేతి సంచిలోనే ఉండాలి, అదీ నాలుగు రోజులకి ఎక్కువే. ఇన్సూరెన్సులో విమానంలో విన్నిపెగ్ తరలించే ఖర్చు ఉందో లేదో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. పెద్ద జబ్బయితే అక్కడ వైద్యం ఉండదు, విన్నిపెగ్‌కే పంపుతాం.

ఎలుగుబంట్ల గురించి అమ్మగారికి భయం వద్దు గానీ, జాగ్రత్త కావాలి. జులైలో మంచు కరిగాక అవి ఒడ్డుకు చేరడం మొదలవుతుంది. ఊరు దాటి, బండరాళ్ళ వైపు, నడిచి వెళ్ళొద్దు. ఎవరికైనా ఎదురుపడితే దూరి దాక్కోవడానికని ఊళ్ళో కార్ల తలుపులు తాళం వేయరు. గాలి ఎక్కువున్న రోజు అమ్మగారిని టౌన్ కాంప్లెక్స్‌లో కూర్చోబెట్టండి. బడి, లైబ్రరీ, ఆరోగ్య కేంద్రం అన్నీ ఒకే కప్పు కింద. అద్దాల్లోంచి సముద్రం కనిపిస్తుంది.

బిట్రగుంట_అమ్మాయి:

అక్కా, మీరు రాసింది నాన్నకి పైకి చదివి వినిపించాను. మూడు కాళ్ళ స్తంభాల దగ్గర ఆపమని, మళ్ళీ చదివించుకున్నారు. "కంకర కుంగితే ప్యాకింగ్ (పట్టా కింద కంకర మళ్ళీ కూరడం) ఎవరు చేస్తారు, ఆ చలిలో గ్యాంగు ఎక్కడ ఉంటుంది?" అని అడుగుతున్నారు. తెలిస్తే చెప్పండి. మావారు ఒప్పుకున్నారు. వెళ్ళేది రైలు, రాక విమానం. క్యాబిన్ దొరికింది. ఇన్సూరెన్సు వాళ్ళకి రేపు ఫోన్ చేస్తాను.

ఉత్తరాది_నర్సు:

దారిలో పట్టా పనివాళ్ళు కనిపిస్తారమ్మా. బండి నెమ్మదించినప్పుడు కిటికీ దగ్గర ఉండమనండి, చెయ్యి ఊపితే వాళ్ళూ ఊపుతారు. థాంప్సన్‌లో దిగి పలకరించమనండి. ఇంగ్లీషు ఎంత వచ్చినా సరే, పట్టాల మాట కలుస్తుంది.