తుంగగడ్డియా, తుంగగడ్డా?

ఇంటి ముందరి పచ్చికలో మొలిచిన కలుపు మొక్క ఛాయాచిత్రాన్ని మన బృందంలో పెట్టి, “దీనిని తుంగగడ్డి అనాలా, తుంగగడ్డ అనాలా?” అని కావలి ఊరి మిత్రులొకరు అడిగిన ప్రశ్నకు, రెండూ ఒకటేననీ, అది కేవలం పలుకుబడిలోని తేడా అనీ బృందంలో కొందరు సమాధానమిచ్చారు. ఆ మాటతో నేను ఏకీభవించలేకపోతున్నాను. ఒక్క అక్షరం మారితే మొక్క జాతి మారిపోతుంది, దానిని తొలగించే పద్ధతి కూడా మారిపోతుంది.

మన నెల్లూరు ప్రాంతంలో ఉల్లిని ఎర్రగడ్డ అనీ, వెల్లుల్లిని తెల్లగడ్డ అనీ, బంగాళాదుంపను ఉర్లగడ్డ అనీ అంటాము. నేలలో ఊరే భాగమే గడ్డ. తుంగకు ఆ పేరు అందుకే అతికినట్లు సరిపోతుంది. తమిళులు దీనిని కోరైక్కిళంగు అంటారు, కిళంగు అన్నా దుంపే. ఆయుర్వేద వైద్యులు వాడే తుంగముస్తెలు కూడా ఈ గడ్డలే. ఎండినదానిని చిదిమి చూస్తే కమ్మని ఘాటు వాసన వస్తుంది.

ఇక గడ్డి అనడం ఎందుకు తప్పో కాడను చేత పట్టుకొంటే తెలుస్తుంది. పూత వచ్చిన తుంగ కాడను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించండి. అది గుండ్రంగా తిరగదు, మూడు అంచులు వేలికి తగులుతాయి. గరికకు ఉన్నట్లు దానికి కణుపులు ఉండవు. ఆకులు గరికకు రెండు వరుసలలో వస్తే తుంగకు మూడు వరుసలలో వస్తాయి. పచ్చికను సమంగా కత్తిరించిన రెండు మూడు రోజులకే, చుట్టూ ఉన్న గరిక ఇంకా తేరుకోకముందే, లేత పసుపుపచ్చ మెరుపుతో తలెత్తి నిలబడేది తుంగ.

ఈ తేడాను నేను నష్టపోయి తెలుసుకొన్నాను. మా ఇంటి ముందున్నది గరిక పచ్చిక. దానిలో తుంగ పెరిగినప్పుడు ఒక పురుగుమందుల దుకాణానికి వెళ్ళి, “తుంగగడ్డి పడింది, గడ్డి మందు ఇవ్వండి” అని అడిగాను. వారు నా మాటను నమ్మి, మినుము చేలల్లో గడ్డిజాతి కలుపుకు కొట్టే క్విజాలోఫాప్ ఇచ్చారు. ఆ మందు గడ్డిజాతిని మాత్రమే చంపుతుంది. గరిక పండుబారి ఎండిపోయింది. తుంగకు చీమ కుట్టినట్లయినా లేదు. ప్రేమగా పెంచుకొన్న పచ్చిక ఒక తప్పు మాటకు బలైపోయిందని ఇప్పటికీ బాధగానే ఉంది.

తరువాత మిగిలిన తుంగను నేను చేతితో పీకుతూ ఉంటే, మా వీధిలో కలుపు పనికి వచ్చే పెద్దావిడ ఆగి చూసి, “అది గడ్డి గాదు సామీ, గడ్డ. పీకేకొద్దీ పిల్లలు పెడతాది. తల్లిగడ్డ అడుగున్నే ఉండాది” అన్నారు. ఆమె చిన్న గునపంతో జానెడు లోతు పెళ్ళగించి, మట్టిని నెమ్మదిగా విదిలించి చూపారు. నల్లని గడ్డలు ఒకదాని వెంట ఒకటి సన్నని వేరుదారానికి గుచ్చిన పూసలవలె బయటపడ్డాయి. పైమొక్కను లాగినప్పుడు ఆ దారం తెగి, అంతవరకు నిద్రాణంగా ఉన్న గడ్డలు ఒక్కొక్కటీ మొలకెత్తుతాయి.

గడ్డిని కోస్తాము, పీకుతాము, చెక్కుతాము. గడ్డను మాత్రం తవ్వుతాము. పేరును సరిగా పలికితే చేయవలసిన పని క్రియాపదంతో సహా దానిలోనే దొరుకుతుంది. నేల తడిగా ఉన్నప్పుడు గడ్డలతో సహా తవ్వి తీసి, వాటిని ఎరువు గుంటలో వేయకుండా ఎండలో పరచాలి. రోహిణి కార్తె ఎండకు అవి వట్టిపోతాయి. తవ్వడానికి వీలులేని చోట రెండు మూడు వారాలకొకసారి, ఆకులు తిరిగి గడ్డకు బలం చేర్చకముందే, మొలకలను తీసివేస్తూ ఉంటే గడ్డలు క్రమంగా నీరసిస్తాయి. మందే కావాలనుకొంటే తుంగజాతిపై పనిచేసి గరికను విడిచిపెట్టే హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ ఉన్నది, చీటీపై ఉన్న మోతాదునే పాటించాలి. గ్లైఫోసేట్ అయితే పచ్చికను కూడా మిగల్చదు. పచ్చిక కోసం మట్టి తోలించుకొనేవారు ముందుగా ఒక బుట్టెడు మట్టిని జల్లించి గడ్డలున్నాయేమో చూసుకోవడం మేలు.

తుంగభద్రకు ఆ పేరు ఈ మొక్క వల్ల వచ్చిందా అని కందుకూరు సభ్యులొకరు అడిగారు. రాలేదు. తుంగ, భద్ర అనే రెండు నదుల కలయిక అది. ఆ తుంగ ఎత్తైనదని అర్థమిచ్చే సంస్కృత పదం. చాపలు అల్లే తుంగ మాత్రం ఈ కుటుంబంలోనిదే, కాని అది నీటి పట్టున నిలువెత్తు పెరిగే వేరొక రకం.

అందుచేత కావలి మిత్రులు తమ చిత్రం కింద తుంగగడ్డ అనే వ్రాసుకోవాలని, దుకాణంలో కూడా తుంగకు మందు అనే అడగాలని నా మనవి.