బొగ్గు గనుల్లో పెట్టుబడి: సింగరేణి షేరు దొరకదు, మరి దేని వైపు చూడాలి?

మంచిర్యాల వాసి:
2024-25లో మన దేశ బొగ్గు ఉత్పత్తి వంద కోట్ల టన్నులు దాటింది. సింగరేణిలో 51 శాతం తెలంగాణ ప్రభుత్వానిది, మిగతా 49 శాతం కేంద్రానిది కాబట్టి దాని షేర్లు మార్కెట్లో దొరకవు. రిటైర్మెంటు సొమ్ములో కొంత ఈ రంగంలో పెట్టాలని ఉంది. 2020 నుంచి వాణిజ్య వేలంలో బొగ్గు బ్లాకులు (తవ్వకానికి కేటాయించే ప్రాంతాలు) దక్కించుకుంటున్న ప్రైవేటు సంస్థలను నమ్మవచ్చా, లేక మార్కెట్లో దొరికే ప్రభుత్వ సంస్థ కోల్ ఇండియాతో సరిపెట్టుకోవాలా?

విశ్రాంత సర్వేయరు:
బ్లాకు చేతికి రావడం వేరు, బొగ్గు పైకి రావడం వేరు. ఒడిశాలోని అంగుల్ జిల్లాలో నైనీ బ్లాకును సింగరేణికి 2015లో కేటాయిస్తే, అటవీ అనుమతులూ భూమి వ్యవహారాలూ తేలి తవ్వకం మొదలయ్యేసరికి 2025 వచ్చింది. ప్రభుత్వ సంస్థకే పదేళ్లు పట్టిన చోట, గనుల్లోకి కొత్తగా దిగిన కంపెనీ రెండేళ్లలో ఉత్పత్తి చూపిస్తానంటే నేనైతే నమ్మను. ఆ తర్వాతైనా ముందు తీయవలసింది బొగ్గు కాదు, దాని మీది మట్టి, గనుల భాషలో ఓబీ (ఓవర్‌బర్డెన్). నేను పనిచేసిన ఓపెన్‌కాస్టు (పైనుంచి తవ్వే) గనిలో రెండు రోజులు ముసురు పట్టిందంటే డంపర్లు తిరిగే హాల్ రోడ్డు బురదై డంపర్లు బారులు తీరి నిలబడేవి. క్వారీ అడుగున నీళ్లు తోడే పంపుల మోత తప్ప మరో చప్పుడుండేది కాదు. యంత్రాల కిరాయి, జీతాలు మాత్రం ఆగేవి కావు.

లెక్కల మనిషి:
ఈ వేలంలో కంపెనీలు ప్రభుత్వానికి ఇస్తామనేది ఆదాయంలో వాటా, లాభంలో కాదు. కనీసం 4 శాతంతో మొదలయ్యే ఈ పోటీలో తొలి విడతలోనే సగానికి మించి ఇస్తామన్నవారున్నారు. ధర పడిపోయిన ఏడు టన్నుకు నష్టం వచ్చినా ఆ వాటా కట్టక తప్పదు కనుక, కంపెనీ పేరు కన్నా అది ఎంత శాతానికి పాడుకుందో ముందు చూడండి. కోల్ ఇండియా సంగతికొస్తే, 2010లో 245 రూపాయలకు ఇచ్చిన షేరు 2020లో అందులో సగం కన్నా దిగువకు జారి, ఆ తర్వాతే కోలుకుంది. డివిడెండు కోసం కొని ఓపిక పట్టగలవారికి అది తగును.

మంచిర్యాల వాసి:
ధన్యవాదాలు. గని కన్నా రవాణా వైపు చూడటం మేలంటారా?

విశ్రాంత సర్వేయరు:
నా మొగ్గు అటే. సత్తుపల్లి బొగ్గు ఏళ్ల తరబడి లారీల్లో పోయేది కనుకనే భద్రాచలం రోడ్–సత్తుపల్లి రైలు మార్గం ఖర్చును సింగరేణి కూడా పంచుకుంది. కన్వేయర్లు, రైల్వే సైడింగులు (బొగ్గు నింపుకునే పక్క పట్టాలు) కట్టే సంస్థలకు గని ఎవరిదైనా పని దొరుకుతుంది. కాకపోతే వాటి ఆర్డర్లలో బొగ్గు పని ఎంతో వార్షిక నివేదికలో చూసుకోవాలి. ప్రైవేటు బ్లాకే కావాలనుకుంటే, రెండో దశ, అంటే తుది అటవీ అనుమతి వచ్చిందని తేలాకే డబ్బు తీయండి.