‘పవర్‌సేవ్ గవర్నర్’ని తెలుగు మెనూలో ఏమనాలి?

ప్రశ్న:
లైనక్స్ (కంప్యూటర్ ఆపరేటింగ్ సిస్టమ్) సెట్టింగుల తెలుగు మెనూకి, ప్రాసెసర్ వేగాన్ని తేల్చే ‘పవర్‌సేవ్ గవర్నర్’ని ‘విద్యుత్ పొదుపు పాలకుడు’ అని రాశారు. చదవడానికే ఎబ్బెట్టుగా ఉంది. మంచి మాట చెప్పగలరా?

జవాబు:
పాలకుడు వద్దేవద్దండి. ఇది రాజ్‌భవన్ గవర్నర్ కాదు, ఇంజన్ గవర్నర్. 1788లో జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి పెట్టిన తిరిగే గుండ్ల గవర్నర్ కోవలోది. మన బస్సులకు బిగించేదాన్నీ స్పీడ్ గవర్నర్ అనే అంటాం. ఆ మాట అలాగే ఉంచండి.

నా పేచీ ‘పొదుపు’తోనే. మామూలు సీపీయూఫ్రీక్ డ్రైవర్లలో (ప్రాసెసర్ వేగాన్ని మార్చే లైనక్స్ భాగాల్లో) పవర్‌సేవ్ వేగాన్ని అనుమతించిన కనిష్ఠానికి దించి అక్కడే కట్టేస్తుంది, అంతే. ఆదా అవుతుందా లేదా అన్నది వోల్టేజి తేల్చాలి. చిప్పులో ట్రాన్సిస్టర్ల ఆన్-ఆఫ్‌కి, అంటే స్విచింగ్‌కి పోయే పవర్ వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్‌ని) బట్టీ, పౌనఃపున్యాన్ని (వేగాన్ని) బట్టీ ఉంటుంది. 3 గిగాహెర్ట్జ్, 1.2 వోల్టుల నుంచి 1.5 గిగాహెర్ట్జ్, 0.9 వోల్టులకు దిగితే పవర్ 28 శాతానికి వస్తుంది. పనికి రెట్టింపు సేపు పడుతుంది కాబట్టి ఎనర్జీ 56 శాతం. వోల్టేజి తగ్గకుండా వేగం ఒక్కటే సగమైతే? స్విచింగ్ ఎనర్జీ పైసా తగ్గదు, లీకేజీ (పని లేకున్నా కారిపోయే కరెంటు) మాత్రం రెట్టింపు సేపు సాగుతుంది. అలాంటప్పుడు పని గబగబా ముగించి కోరుని (ప్రాసెసర్లో లెక్కలు చేసే భాగాన్ని) సీ-స్టేట్ అనే నిద్రలోకి పంపడమే మేలు.

మరో జవాబు:
ఒప్పుకుంటాను. అందుకే ‘వేగం మార్చడం’ అని మాత్రమే రాసే వ్యాసాలు సగమే చెప్తున్నాయి. వేగం, వోల్టేజి జంటగా కదలాలి, అదీ వరస తప్పకుండా. పెంచేటప్పుడు ముందు వోల్టేజి, తర్వాత వేగం. దించేటప్పుడు ముందు వేగం, తర్వాత వోల్టేజి. తిరగేస్తే ఆ వేగానికి చాలని వోల్టేజి మీద సర్క్యూట్లు సమయానికి స్థిరపడక లెక్కలు తప్పుతాయి, మిషన్ హ్యాంగవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
అయితే ‘కనిష్ఠ వేగం’ అని పెట్టేయనా?

జవాబు:
తొందరపడకండి. ముందు ఏ డ్రైవర్ నడుస్తోందో చెప్పే స్కేలింగ్ డ్రైవర్ అనే ఫైలు చూడాలి. అందులో ఇంటెల్ పీస్టేట్ (ఇంటెల్ ప్రాసెసర్ల డ్రైవర్) అని ఉంటే అక్కడి పవర్‌సేవ్ వేరు: పనిభారాన్ని బట్టి వేగం పెంచుతుంది, దించుతుంది. పేరు ఒకటే, గుణం వేరు. అక్కడ ‘కనిష్ఠ వేగం’ అంటే జనం భయపడి, ఎక్కువ వేగం వైపు మొగ్గే పెర్‌ఫార్మెన్స్‌కి మార్చేస్తారు, బ్యాటరీ ఊరికే కరుగుతుంది. డ్రైవర్ని బట్టి రెండు వివరణలు రాయండి: ఒకచోట ‘ఎప్పుడూ కనిష్ఠ వేగం’, ఇంకోచోట ‘పనిని బట్టి వేగం, పొదుపు వైపు మొగ్గు’. ఇంకో గవర్నర్ షెడ్‌యుటిల్‌కి ‘షెడ్యూలర్ చెప్పిన భారాన్ని బట్టి వేగం’ సరిపోతుంది (షెడ్యూలర్ అంటే ఏ పని ఎప్పుడు నడవాలో తేల్చే భాగం).

మరో జవాబు:
అనువాదం తెరమీది వివరణకే ఉండాలి. ఏ గవర్నర్ నడవాలో రాసే స్కేలింగ్ గవర్నర్ ఫైల్లోకి అసలు ఇంగ్లీషు పేరే వెళ్ళాలి. ‘పొదుపు’ అని రాస్తే కెర్నెల్ (లైనక్స్ మూలభాగం) తీసుకోదు, ‘ఇన్‌వాలిడ్ ఆర్గ్యుమెంట్’ అని తిప్పికొడుతుంది.