అప్‌డేట్: ఎమ్మారై తరువాత అమ్మ పిక్కలపై వచ్చిన బొబ్బలు

విశాఖపట్నంలో మా అమ్మగారికి నడుము ఎమ్మారై తీయించిన సాయంత్రమే రెండు పిక్కల లోపలి వైపున, ఎదురెదురుగా, చిన్న బొబ్బలు లేచాయని, ఎక్స్‌రే కిరణాలే లేని పరీక్షలో చర్మం ఎలా కాలుతుందని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

మేము సంప్రదించిన మరొక రేడియాలజిస్టు గారు బొబ్బలను పరిశీలించి, దీనికి కారణం అయస్కాంతం కాదనీ, స్కాన్ సమయంలో శరీరంలోకి పంపే రేడియో తరంగాలనీ వివరించారు. 1.5 టెస్లా (అయస్కాంత బలాన్ని కొలిచే ప్రమాణం) యంత్రంలో వీటి పౌనఃపున్యం సుమారు 64 మెగాహెర్ట్జ్ ఉంటుంది. ఆచ్ఛాదన లేని పిక్కలు ఒకదానికొకటి తాకితే రెండు కాళ్లూ తుంటితో కలిసి ఒక వలయంగా మారతాయని, అందులో ఆ రేడియో తరంగాల వల్ల పుట్టే విద్యుత్తు ప్రవహించి, తాకిన ఆ కొద్దిపాటి చోటనే వేడంతా పుడుతుందని చెప్పారు. మధ్యలో ఒక మెత్త పెడితే ఆ వలయం ఏర్పడదు. పుస్తెలు, మెట్టెలు తీయించడంలో ఆ కేంద్రం వారు చూపిన పట్టుదల మెత్త విషయంలో కనబడలేదు.

అమ్మకు మధ్యలోనే చురుక్కుమన్నదట; కదలవద్దన్నారు కనుక, చేతిలోని బంతిని నొక్కి పిలవవచ్చని ఎవరూ చెప్పలేదు కనుక, ఓర్చుకున్నదట.

బొబ్బలు మానుతున్నాయి. కేంద్రానికి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చాము. జవాబు ఇంకా రాలేదు.