ఎర్ర జినువాయిని ఎర్రగా లేనప్పుడు ఎలా గుర్తుపట్టాలి?

మంజీర_పిట్టలు:
తొలకరి పడ్డాక చెరువు జమ్ములో ఓ గుంపు కనిపించింది. పిచ్చుక కన్నా బాగా చిన్నవి. మట్టిరంగు ఒళ్లు, ఎర్ర ముక్కు. కొన్నింటికి అక్కడక్కడా ఎర్ర మరకలున్నాయి. యాప్ ఎర్ర జినువాయి అంటోంది. ఫొటోల్లో చూసిన కుంకుమరంగు పిట్ట ఇదేనా?

గడ్డినేల:
అదేనండీ. మగపిట్ట ఏడాది పొడుగునా ఎర్రగా ఉండదు. జతకట్టే కాలానికి ఒళ్లంతా ఎరుపెక్కి తెల్ల చుక్కలు తేలతాయి, ఆ తర్వాత ఈకలు రాల్చి ఆడపిట్టలా అయిపోతుంది. మన జినువాయిల్లో మరేదీ ఇలా రంగు మార్చుకోదు. మీరు చూసిన మరకలు ఆ మార్పు మధ్యలోవి. తోక మొదట్లో ఎరుపు చూశారా? అది ఆడదానికీ ఉంటుంది.

మంజీర_పిట్టలు:
ఎగిరినప్పుడు కనబడింది. రెక్కల మీద తెల్ల చుక్కలు కూడా.

కొల్లేటి_అక్క:
ఇక అనుమానం లేదు. ముక్కు ఒక్కదాన్నే నమ్ముకోకండి. అది మేలో ఎర్రబడడం మొదలై, మళ్లీ ఏప్రిల్‌ కల్లా నల్లబడుతుంది. పిల్లపిట్టలైతే ఇంకా తికమక: ముక్కు నలుపు, ఒంటి మీద ఎరుపే ఉండదు, రెక్క మీద లేత గోధుమరంగు గీతలు. పెద్దవాటితో కలిసి తిరుగుతుంటేనే నేను పేరు రాస్తాను. తెల్లగొంతు జినువాయి అనుకునేవాళ్లూ ఉన్నారు. దాని ముక్కు నీలం కలిసిన బూడిదరంగు, తోక మొదలు తెలుపు, తోక నల్లగా మొనదేలి ఉంటుంది. అది పొడి నేలల్లో, ముళ్ల పొదల్లో ఎక్కువ.

సంత_వీధి:
మా సంతలో వీటిని పంజరాల్లో అమ్ముతున్నారు. కొని వదిలేద్దామా?

గడ్డినేల:
దయచేసి కొనకండి. మీరిచ్చే డబ్బుతో మళ్లీ వల వేస్తారు. ఒకప్పుడు అహ్మదాబాద్ నుంచి విదేశాలకు కూడా పంపేవారు. ఇప్పుడు వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం రెండూ నేరమే. రంగులు పూసి వేరే పిట్టలని అమ్మేవాళ్లూ ఉన్నారు, అది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అటవీ శాఖకు చెప్పండి.

మంజీర_పిట్టలు:
అక్కా, ఆ చెరువు కట్ట మీద జమ్ము కోసేస్తామంటున్నారు. గూళ్లు ఉంటాయా?

కొల్లేటి_అక్క:
తప్పకుండా ఉండొచ్చు. గడ్డిపోచలతో బంతిలా అల్లి, నేలకు దగ్గరగా పొదల్లో పెడతాయి. తెల్లటి గుడ్లు. వానల నుంచి చలికాలం దాకా పిల్లల్ని చేస్తాయి కాబట్టి, కోత అప్పటిదాకా ఆపమని సర్పంచ్‌ను అడగండి. మొత్తం ఆపడం కుదరకపోతే నీటి అంచున కొంత జమ్మైనా వదిలేయమనండి. ఫొటోలు పట్టుకెళ్తే మాట వింటారు.